సర్వర్ సేవలను, హార్డ్‌వేర్‌ను గమనించే ప్లగిన్లు: తెర అంతా పచ్చగా ఉన్నా డిస్క్ పోయింది, అమరికలో ఎక్కడ తప్పాను?

ప్రశ్న

నమస్కారం. నా బాధ్యతలో 14 లినక్స్ సర్వర్లు ఉన్నాయి. విడిగా ఒక యంత్రం మీద, సర్వర్లను గమనించే నాగియోస్ కోర్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. ప్రతి సర్వర్‌లోనూ ఎన్‌ఆర్‌పీఈ ఏజెంట్ 5666 పోర్టులో ఉండి, నాగియోస్ అడిగినప్పుడల్లా అక్కడి ప్లగిన్‌ను, అంటే ఒక్కో అంశాన్ని తనిఖీ చేసే చిన్న ప్రోగ్రామ్‌ను, నడిపి ఫలితాన్ని తిరిగి పంపుతుంది. వెబ్, డేటాబేస్, మెయిల్ సేవల తనిఖీలు చాలాకాలంగా పెద్ద ఇబ్బంది లేకుండా నడుస్తున్నాయి. హార్డ్‌వేర్ తనిఖీలను మాత్రం నేను సరిగా అమర్చలేకపోయానని గత నెలలో తెలిసివచ్చింది.

ఒక సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. అందులో రెండు డిస్కులతో సాఫ్ట్‌వేర్ రెయిడ్ 1 ఉంది, అంటే ఒకే డేటా రెండు డిస్కులలోనూ ఉంటుంది. కెర్నల్ లాగ్ తీసి చూస్తే, మొదటి డిస్క్ 19 రోజుల ముందే జతలోంచి తప్పుకున్నట్టు కనిపించింది. ఆ 19 రోజులూ మా తెర మీద రెయిడ్ గడి పచ్చగానే ఉంది. రెండవ డిస్క్ కూడా పోయిన తరువాతే విషయం బయటపడింది. బ్యాకప్ ఉండబట్టి ఒక రాత్రంతా కూర్చుని తిరిగి నిలబెట్టాము కానీ, ఆ పచ్చ గడిని నమ్మి మూడు వారాలు నిశ్చింతగా ఉన్నామన్న బాధ నాకు ఇంకా పోలేదు.

ఇప్పుడు అన్ని హార్డ్‌వేర్ ప్లగిన్లనూ మళ్ళీ తరచి చూస్తుంటే నాలుగు చిక్కులు తేలాయి. మొదటిది, రెయిడ్ తనిఖీ కోసం మేము వాడుతున్నది ఎవరో రాసిపెట్టిన చిన్న షెల్ స్క్రిప్ట్. అది రెయిడ్ స్థితిని కెర్నల్ చూపే ఎండీస్టాట్ ఫైల్‌లో ‘యాక్టివ్’ అన్న మాట ఉందో లేదో మాత్రమే చూస్తుంది. రెండవది, డిస్కులు తమ ఆరోగ్యం గురించి తామే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలు చూసే స్క్రిప్ట్‌ను రూట్‌గా (పూర్తి అధికారమున్న వాడుకరిగా) చేత్తో నడిపితే సరైన జవాబు వస్తుంది, ఎన్‌ఆర్‌పీఈ ద్వారా అడిగితే కొన్ని సర్వర్లలో ‘అవుట్‌పుట్ చదవలేకపోయాను’ అని వస్తుంది, ఇంకొన్నింటిలో గడి అన్‌నోన్‌గా మారి ఆ సర్వర్ లాగ్‌లో రిటర్న్ కోడ్ 64 చెల్లదన్న వాక్యం పడుతుంది. మూడవది, సేవ నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి సేవలను నిర్వహించే సిస్టమ్‌సీటీఎల్ పనిముట్టులోని ‘ఈజ్ యాక్టివ్’ ఆదేశాన్నే నేరుగా ప్లగిన్‌గా పెట్టాను. సేవను ఆపి చూస్తే అది క్రిటికల్ అనకుండా అన్‌నోన్ అంటోంది. నాలుగవది, ఫ్యాన్లనూ పవర్ సప్లైలనూ చూసే ఐపీఎంఐ ప్లగిన్ రోజుకు రెండు మూడుసార్లు గడువు మించిందంటూ క్రిటికల్ చూపి, మరుసటి తనిఖీకి తనంతట తానే సర్దుకుంటోంది.

వీటిని విడివిడిగా సరిదిద్దుకోవాలా, లేక వీటన్నింటికీ వెనుక నేను గుర్తించని మూలకారణం ఒకటేదైనా ఉందా? అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు

మీ నాలుగు చిక్కులలో మూడింటికి మూలం ఒక్కటే. నాగియోస్‌కు ప్లగిన్ ఏమి చూసిందో తెలియదు, తెలుసుకునే ప్రయత్నమూ అది చేయదు. ప్లగిన్ ముగిసేటప్పుడు ఇచ్చే ఎగ్జిట్ కోడ్ అనే అంకెను మాత్రమే అది తీర్పుగా తీసుకుంటుంది. 0 అంటే ఓకే, 1 అంటే వార్నింగ్, 2 అంటే క్రిటికల్, 3 అంటే అన్‌నోన్. ప్లగిన్ అచ్చువేసే మొదటి వరుస మనుషులు చదువుకోవడానికి, అందులో నిలువు గీత తరువాత వచ్చే భాగం గ్రాఫులు గీసే పనిముట్లకు. ఒప్పందం ఇంతే. 2009లో నాగియోస్ నుండి విడివడిన ఐసింగా కూడా ఇదే ఒప్పందాన్ని పాటిస్తుంది కనుకనే ఒకదాని కోసం రాసిన ప్లగిన్లు మరొకదానిలోనూ పనిచేస్తున్నాయి. అయితే ప్లగిన్‌గా రాయని ఆదేశాలకు ఈ ఒప్పందంతో సంబంధం లేదు. వాటి ఎగ్జిట్ కోడ్‌లకు వాటి అర్థాలు వాటికి ఉంటాయి.

సిస్టమ్‌సీటీఎల్ విషయమే తీసుకోండి. సేవ నడుస్తుంటే అది 0 ఇస్తుంది, ఆగిపోయి ఉంటే 3 ఇస్తుంది. దాని లెక్కలో 3 అంటే ‘నడవడం లేదు’, నాగియోస్ లెక్కలో 3 అంటే ‘నాకు తెలియదు’. కాబట్టి మీ తెర మీద కనిపించినది పొరపాటున వచ్చిన ఫలితం కాదు, మీరు పెట్టిన అమరికకు అది సరైన ఫలితమే. పైగా చాలామంది నోటిఫికేషన్ ఐచ్ఛికాలలో అన్‌నోన్‌ను తీసివేస్తారు. మీరూ తీసివేసి ఉంటే ఆ సేవ ఎన్ని గంటలు ఆగిపోయినా మీకు ఒక్క సందేశం కూడా రాదు. ఈ ఆదేశాన్ని అయిదారు వరుసల స్క్రిప్ట్‌లో చుట్టి, 0 వస్తే 0, మరేది వచ్చినా 2 తిరిగి ఇచ్చేలా రాసుకోండి.

స్మార్ట్ వివరాలు చదివే స్మార్ట్‌సీటీఎల్ ఆదేశం దగ్గర పరిస్థితి ఇంకా తలకిందులుగా ఉంటుంది. మీ స్క్రిప్ట్ దాని ఎగ్జిట్ కోడ్‌ను యథాతథంగా పైకి పంపుతోందని 64 అన్న అంకెను బట్టి అనుకుంటున్నాను. ఆ కోడ్ ఒక సంఖ్య కాదు, ఎనిమిది బిట్‌ల గుత్తి. ఇచ్చిన ఆదేశం అర్థం కాకపోతే 1, పరికరాన్ని తెరవలేకపోతే 2, డిస్క్ తానే విఫలమవుతున్నానని చెబితే 8, ముందస్తు వైఫల్య లక్షణాలలో ఏదైనా హద్దు దాటితే 16, డిస్క్ ఎర్రర్ లాగ్‌లో నమోదులుంటే 64. వీటిని నాగియోస్ కళ్ళతో చూడండి. అనుమతి లేక డిస్క్‌ను తెరవలేకపోతే కోడ్ 2 కనుక ఎర్రటి క్రిటికల్ వస్తుంది. డిస్క్ నిజంగా చావుబతుకుల్లో ఉంటే కోడ్ 8 కనుక, ఎన్‌ఆర్‌పీఈ దానిని చెల్లని సంఖ్యగా భావించి అన్‌నోన్‌గా మార్చేస్తుంది. చిన్న అవాంతరం గట్టిగా అరుస్తుంది, పెద్ద ప్రమాదం గొణుగుతుంది. ఇక మీకు వచ్చిన 64 విషయానికొస్తే, ఎర్రర్ లాగ్‌లో ఎప్పుడో పడిన పాత నమోదు కూడా అలాగే నిలిచి ఉంటుంది కనుక ఆ బిట్ ఒక్కదానినే చూసి డిస్క్‌ను మార్చనవసరం లేదు. దానిని వార్నింగ్‌గా పెట్టి, నమోదుల సంఖ్య పెరుగుతోందా అన్నది గమనిస్తే సరిపోతుంది.

స్మార్ట్ లక్షణాలలో నేను విడిగా చూసేవి ఇవి: 5వ లక్షణం, అంటే చెడిపోయిన సెక్టార్లకు బదులు కేటాయించినవాటి లెక్క, 197వది, అంటే చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్లు, 198వది, సరిదిద్దలేకపోయినవి. ఈ మూడింటిలో 197 సున్నా కాకపోతే నేను అదే రోజు డిస్క్‌కు పూర్తి స్వీయ పరీక్ష పెడతాను. 199వ లక్షణం పెరిగితే డిస్క్‌ను అనుమానించే ముందు కేబుల్‌ను మార్చి చూడండి, ఎందుకంటే అది డిస్క్‌కూ కంట్రోలర్‌కూ మధ్య ప్రయాణంలో దెబ్బతిన్న డేటా లెక్క. అయితే స్మార్ట్ మీద పూర్తి భారం వేయవద్దు. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజనీర్లు 2007లో వెలువరించిన అధ్యయనంలో, విఫలమైన డిస్కులలో 56 శాతానికి పైగా వాటికి అత్యంత బలమైన నాలుగు స్మార్ట్ సంకేతాలలో ఒక్కటి కూడా నమోదు కాలేదు. కాబట్టి రెయిడ్ స్థితిని చూసే ప్లగిన్‌కు స్మార్ట్ ప్లగిన్ ప్రత్యామ్నాయం కాదు, రెండూ ఉండాలి.

ఇప్పుడు మిమ్మల్ని 19 రోజులు మోసగించిన ఆ రెయిడ్ స్క్రిప్ట్. రెండు డిస్కుల జతలో ఒకటి పోయినా ఎండీస్టాట్ ఫైల్‌లో ఆ శ్రేణి పక్కన ‘యాక్టివ్’ అనే ఉంటుంది. అది అబద్ధమూ కాదు, శ్రేణి పనిచేస్తూనే ఉంది కదా. మీరు చూడవలసినది దాని కింది వరుస. రెండూ బాగుంటే చదరపు బ్రాకెట్లలో 2/2 అనీ, ఆ పక్కన రెండు యూ అక్షరాలూ ఉంటాయి. ఒకటి పోతే 2/1 అనీ, ఒక యూ పక్కన అడుగుగీత ఒకటీ కనిపిస్తాయి. ఆ బ్రాకెట్‌లో ఎక్కడ అడుగుగీత కనిపించినా స్క్రిప్ట్ క్రిటికల్ ఇవ్వాలి. మరొక్క జాగ్రత్త కూడా అవసరం. ఫైల్‌లో శ్రేణి పేరే కనిపించకపోతే ‘లోపం ఏదీ దొరకలేదు’ అని 0 ఇవ్వకూడదు, ‘ఉండవలసినది లేదు’ అని 2 ఇవ్వాలి. ఆ సర్వర్‌లో ఎన్ని శ్రేణులు ఉండాలో స్క్రిప్ట్‌కు ముందే చెప్పిపెట్టండి.

చివరిగా ‘అవుట్‌పుట్ చదవలేకపోయాను’ అన్న సందేశం. ప్లగిన్ ప్రామాణిక అవుట్‌పుట్ మీద ఏమీ అచ్చువేయలేదని దాని అర్థం. స్మార్ట్‌సీటీఎల్‌కు రూట్ అధికారం కావాలి, ఎన్‌ఆర్‌పీఈ మాత్రం డెబియన్ కుటుంబంలో నాగియోస్ అనే వాడుకరిగా, రెడ్ హ్యాట్ కుటుంబంలో ఎన్‌ఆర్‌పీఈ అనే వాడుకరిగా నడుస్తుంది. స్క్రిప్ట్ లోపల, ఆదేశాన్ని రూట్ అధికారంతో నడిపే సుడో ఉన్నా, ఆ వాడుకరికి పాస్‌వర్డ్ లేకుండా నడిపే నియమం లేకపోతే సుడో తన ఫిర్యాదును ఎర్రర్ అవుట్‌పుట్ మీద రాసి ఆగిపోతుంది. దానిని మీ వరకు ఎవరూ మోసుకురారు. మీ సర్వర్లలో కొన్నింటికి ఆ నియమం రాసి, కొన్నింటికి మరిచి ఉంటారు. అందుకే ఒక్కోచోట ఒక్కో లక్షణం కనిపిస్తోంది. సుడో నియమాలను సవరించే వీసుడోతో నియమం రాసేటప్పుడు స్మార్ట్‌సీటీఎల్ పూర్తి దారినీ, దానికి ఇవ్వదగిన ఐచ్ఛికాలనూ స్పష్టంగా పేర్కొనండి. పేరు ఒక్కటే రాసి వదిలితే ఆ వాడుకరి చేతికి డిస్కుల అమరికలన్నీ అప్పగించినట్టే. ఏ ప్లగిన్‌నైనా పరీక్షించేటప్పుడు రూట్‌గా నడపకండి, ఎన్‌ఆర్‌పీఈ ఏ వాడుకరిగా నడుస్తుందో ఆ వాడుకరిగా మారి నడపండి. రూట్‌గా వచ్చిన సరైన జవాబు ఏ సంగతినీ రుజువు చేయదు.

రెండవ జవాబు

పై జవాబులో చాలా భాగంతో ఏకీభవిస్తాను, సుడో సలహాతో మాత్రం నాకు భేదం ఉంది. నెట్‌వర్క్ నుండి అభ్యర్థనలు అందుకునే ఏజెంట్‌కు, ఎంత పరిమితంగానైనా సరే, రూట్ వైపు తలుపు తెరవడం నాకు ఇష్టం ఉండదు. ముఖ్యంగా ఎన్‌ఆర్‌పీఈలో బయటి నుండి ఆర్గ్యుమెంట్లను అనుమతించే ‘డోంట్ బ్లేమ్’ అమరికను ఎవరైనా 1గా మార్చి ఉంటే ఆ తలుపు మరింత ప్రమాదకరం. అది అప్రమేయంగా 0గానే ఉంటుంది, అలాగే ఉంచండి.

నేను పాటించే పద్ధతి వేరు. రూట్‌గా నడిచే సిస్టమ్‌డీ టైమర్ (నిర్ణీత సమయాలకు పనులను నడిపేది) ఒకటి ప్రతి అరగంటకూ స్మార్ట్‌సీటీఎల్‌ను నడిపి, ఫలితాన్ని ముందు ఒక తాత్కాలిక ఫైల్‌లో రాసి, పూర్తయ్యాక అసలు పేరుకు మారుస్తుంది. ఇలా మార్చడం వలన సగం రాసిన ఫైల్‌ను ప్లగిన్ చదివే అవకాశం ఉండదు. ఎన్‌ఆర్‌పీఈ నడిపే ప్లగిన్‌కు ఆ ఫైల్‌ను చదివే అనుమతి తప్ప మరే అధికారమూ అవసరం లేదు. పైగా జవాబు తక్షణమే వస్తుంది కనుక గడువు మించే సమస్యా ఉండదు.

ఈ పద్ధతిలో ఒక గొయ్యి ఉంది, అందులో నేను స్వయంగా పడ్డాను. ఒక సర్వర్‌లో టైమర్ ఆగిపోయింది, ఫైల్ మాత్రం అక్కడే ఉంది, అందులో డిస్క్ బాగుందని రాసి ఉంది. ప్లగిన్ నెలన్నర పాటు ఆ పాత కబురునే తాజా కబురుగా చదివి పచ్చగా చూపింది. అప్పటి నుండి ఫైల్‌ను తెరిచే ముందే దాని మార్పు సమయాన్ని చూస్తాను. అది 75 నిమిషాల కంటే పాతదైతే లోపల ఏమి రాసి ఉన్నా చదవకుండా అన్‌నోన్ ఇస్తాను. ఆ అన్‌నోన్‌కు నోటిఫికేషన్ తప్పనిసరిగా పోవాలి.

ఇంకొక మాట. సుడో నియమం సరిగానే ఉన్నా పనిచేయని సర్వర్లు మీకు తగిలితే, ఎన్‌ఆర్‌పీఈ సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్‌ను చూడండి. కొత్త అధికారాలు పొందకూడదన్న ‘నో న్యూ ప్రివిలెజెస్’ అమరిక అందులో ఉంటే సుడో పనిచేయదు. ‘ప్రైవేట్ డివైసెస్’ ఉంటే ఆ ప్రక్రియకు భౌతిక డిస్కులే కనిపించవు. మన షెల్‌లో ఆ వాడుకరిగా మారి నడిపినప్పుడు ఈ రెండూ వర్తించవు కనుక, అక్కడ అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. వారాంతమంతా దీని మీదే కూర్చున్నాను. సుడో నియమం 14 సర్వర్లలో అయిదింటిలో లేదు, మొదటి జవాబులో ఊహించినది అక్షరాలా నిజం. రెండవ జవాబులోని టైమర్ పద్ధతికే మారుతున్నాను. ఫైల్ వయసు చూసే వరుసను అన్నింటికంటే ముందు రాశాను.

రెయిడ్ స్క్రిప్ట్‌ను కొత్తగా రాసి, అది నిజంగా ఎర్రబడుతుందో లేదో చూడాలనుకున్నాను. నడుస్తున్న డిస్కుల మీద ప్రయోగం చేసే ధైర్యం లేక, 200 మెగాబైట్ల ఫైళ్ళు రెండు సృష్టించి, వాటిని లూప్ పరికరాలుగా (డిస్కుల్లా కనిపించేలా) తగిలించి, రెయిడ్‌ను నిర్వహించే ఎండీ అడ్మ్‌తో ఒక చిన్న రెయిడ్ 1 కట్టాను. తరువాత వాటిలో ఒకదానిని విఫలమైనదిగా ప్రకటించాను. ఎండీస్టాట్‌ను తెరిస్తే, ఒక పరికరం పేరు పక్కన కుండలీకరణంలో ఎఫ్ అక్షరం, కింది వరుసలో 2/1, ఆ పక్కన ఒక యూ, ఒక అడుగుగీత కనిపించాయి. పై వరుసలో ‘యాక్టివ్’ అన్న మాట చెక్కుచెదరకుండా అలాగే ఉంది. గత నెల 19 రోజులూ ఆ ఫైల్ ఇలాగే ఉండి ఉంటుంది. పాత స్క్రిప్ట్‌ను దాని మీద నడిపితే ‘రెయిడ్ బాగుంది’ అంది, కొత్తది క్రిటికల్ అంది. నాగియోస్ తెర ఎర్రబడి, నా ఫోన్‌కు సందేశం వచ్చేవరకు ఆగి, అప్పుడే ఆ శ్రేణిని తీసివేశాను.

మిగిలింది ఐపీఎంఐ. గడువు మించడం అలాగే ఉంది. దానితో పాటు కొత్త చిక్కు ఒకటి వచ్చింది. ఫ్యాన్ వేగం 1500 కంటే తగ్గితే క్రిటికల్ రావాలని హద్దును 1500 అని ఇచ్చాను. 6000 వేగంతో చక్కగా తిరుగుతున్న ఫ్యాన్లన్నీ ఎర్రబడ్డాయి.

మూడవ జవాబు

ఫ్యాన్ల సంగతి ముందు చెబుతాను, అది ఒక్క అక్షరంతో తీరిపోతుంది. ప్లగిన్ల మార్గదర్శకాల ప్రకారం హద్దు అంటే ఒక అంకె కాదు, ఒక పరిధి. ఉత్త 1500 అని రాస్తే ‘0 నుండి 1500 వరకు ఫరవాలేదు, దాటితే హెచ్చరించు’ అని అర్థం. మీ ఫ్యాన్లు 6000 దగ్గర ఉన్నాయి కనుక ప్లగిన్ మీరు చెప్పినట్టే చేసింది. 1500 తరువాత కోలన్ పెట్టండి. అప్పుడు ‘1500, ఆపైన ఎంతైనా ఫరవాలేదు, తగ్గితే హెచ్చరించు’ అని అర్థం మారుతుంది. 10 కోలన్ 20 అని రాస్తే ఆ రెండింటి మధ్య లేకపోతే హెచ్చరిక, దాని ముందు ఎట్ గుర్తు పెడితే మధ్యలో ఉన్నప్పుడు హెచ్చరిక. ఉష్ణోగ్రత సున్నా కంటే కిందికి పోయే చోట ముందు టిల్డా పెట్టి కోలన్ రాయాలి, లేకపోతే రుణ సంఖ్య రాగానే హెచ్చరిక మోగుతుంది. సొంతంగా రాసుకునే ప్లగిన్లన్నీ ఈ వ్యాకరణాన్ని పాటించవు కనుక, దింపుకున్న ప్రతి ప్లగిన్ సహాయ పుటనూ ఒకసారి చదవండి.

గడువుల సమస్య కొంచెం లోతైనది. ఐపీఎంఐ ప్రశ్నలకు జవాబిచ్చేది మదర్‌బోర్డు మీది బీఎంసీ, అది చాలా చిన్న ప్రాసెసర్. సెన్సర్ల జాబితా మొత్తం అడిగితే కొన్ని యంత్రాలలో పది సెకన్లు దాటడం నాకు మామూలుగా ఎదురయ్యే విషయమే. మీ తనిఖీ దారిలో నాలుగు గడియారాలు ఒకేసారి నడుస్తున్నాయి: ప్లగిన్ తనకు తాను పెట్టుకున్నది, ఎన్‌ఆర్‌పీఈ ఏజెంట్ ఆదేశానికి ఇచ్చేది, నాగియోస్ వైపున్న చెక్ ఎన్‌ఆర్‌పీఈ వేచి ఉండేది, చివరిగా నాగియోస్ ఏ తనిఖీకైనా ఇచ్చే గరిష్ఠ సమయం. ఏజెంట్‌ది, నాగియోస్‌ది అప్రమేయంగా 60 సెకన్లు. చెక్ ఎన్‌ఆర్‌పీఈది మాత్రం 10 సెకన్లే, మీ దగ్గర తెగిపోతున్నది అక్కడే. లోపలి గడియారం ముందు మోగాలి, బయటిది తరువాత మోగాలి. ప్లగిన్‌కు 25, చెక్ ఎన్‌ఆర్‌పీఈకి 40, మిగిలిన రెండింటినీ 60 దగ్గరే ఉంచితే, ఆలస్యమైనప్పుడు ఏ సెన్సర్ దగ్గర ఆగిందో ప్లగిన్ తన మాటల్లో చెప్పగలుగుతుంది. బయటిది ముందు మోగితే ‘సాకెట్ గడువు మించింది’ అన్న ఉత్త వాక్యమే మిగులుతుంది. చెక్ ఎన్‌ఆర్‌పీఈకి చిన్న యూ ఐచ్ఛికం కూడా ఇవ్వండి, అప్పుడు గడువు మించడాన్ని అది క్రిటికల్ అనకుండా అన్‌నోన్ అంటుంది. జవాబు రాకపోవడం వేరు, ఫ్యాన్ ఆగిపోవడం వేరు. అర్ధరాత్రి నిద్రలేచి చూసే మనిషికి ఆ తేడా తెలియాలి.

వీలైతే ఐపీఎంఐని సర్వర్ లోపలి నుండి కాక, మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ మీదుగా యూడీపీ 623 పోర్టు ద్వారా నాగియోస్ యంత్రం నుండే అడగండి. సర్వర్ కెర్నల్ గడ్డకట్టిపోయినా బీఎంసీ బతికే ఉంటుంది. ఆ సమయంలోనే మీకు దాని మాట అత్యంత అవసరం. ఆ నెట్‌వర్క్‌ను మిగతా ప్రపంచం నుండి తప్పనిసరిగా వేరుచేసి ఉంచండి, తనిఖీ కోసం చదవడానికి మాత్రమే అధికారమున్న వాడుకరి ఖాతాను సృష్టించండి. సెన్సర్లతో పాటు బీఎంసీ ఈవెంట్ లాగ్‌ను కూడా చూడండి. మెమరీ చిప్‌లో సరిదిద్దబడిన లోపాలు ముందుగా కనిపించేది తరచూ అక్కడే. చాలా యంత్రాలలో ఆ లాగ్ నిండిపోతే కొత్త నమోదులు ఆగిపోతాయి కాబట్టి, అది ఎంత నిండిందన్న దానికీ ఒక హద్దు పెట్టండి.

నాలుగవ జవాబు

అందరూ హార్డ్‌వేర్ గురించే చెప్పారు, సేవల తనిఖీలు బాగానే నడుస్తున్నాయన్న మీ మాట మీద నాకు సందేహం ఉంది. పోర్టు తెరుచుకుంటోందా అని మాత్రమే చూసే చెక్ టీసీపీ ప్లగిన్‌ను వాడుతుంటే ఒక్క విషయం గమనించండి. కనెక్షన్ కలిపేది మీ అప్లికేషన్ కాదు, కెర్నల్. అప్లికేషన్ లోపల బిగుసుకుపోయినా, వేచి ఉండే వరుస నిండేవరకు కెర్నల్ కొత్త కనెక్షన్లను కలుపుతూనే ఉంటుంది, ప్లగిన్ ఓకే అంటూనే ఉంటుంది. వెబ్ సేవ అయితే నిర్దిష్టమైన ఒక పుటను అడిగి, అందులో ఉండవలసిన మాట ఉందో లేదో చూడండి. డేటాబేస్ అయితే చిన్న క్వెరీ ఒకటి నడిపించండి.

చెక్ డిస్క్‌లోనూ ఇలాంటిదే ఉంది. డేటా అనే దారిని గమనించమని చెప్పారనుకోండి. యంత్రం తిరిగి లేచినప్పుడు ఆ డిస్క్ మౌంట్ కాకపోతే, ఆ పేరుతో ఖాళీ డైరెక్టరీ మాత్రమే ఉంటుంది. ప్లగిన్ రూట్ ఫైల్ సిస్టమ్ ఖాళీని చూసి, కావలసినంత చోటు ఉందని చెబుతుంది. పెద్ద ఈ ఐచ్ఛికం ఇస్తే ఖచ్చితంగా ఆ దారిలోనే మౌంట్ అయి ఉండాలని అది పట్టుబడుతుంది. ఐనోడ్‌ల (ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదుల) హద్దులు కూడా పెట్టండి, చిన్న చిన్న ఫైళ్ళు లక్షల్లో చేరే మెయిల్ సర్వర్‌లో చోటు మిగిలి ఉండగానే ఐనోడ్‌లు అయిపోతాయి.

తనిఖీల లయ విషయంలోనూ సేవలకూ హార్డ్‌వేర్‌కూ ఒకే మూస వాడవద్దు. వెబ్ సేవ క్షణం తడబడవచ్చు కనుక నిమిషం వ్యవధితో మూడు నాలుగు ప్రయత్నాలు విఫలమయ్యాకే దానిని గట్టి (సందేశం పంపదగిన) స్థితిగా తీసుకోవడం సబబు. రెయిడ్ జతలోంచి పడిపోయిన డిస్క్ మరో నిమిషంలో తనంతట తాను తిరిగి లేవదు. అక్కడ గరిష్ఠ ప్రయత్నాల సంఖ్య 1 చాలు. అలాగే ప్రతి సర్వర్‌లోనూ ఎన్‌ఆర్‌పీఈ స్పందిస్తోందా అని చూసే తనిఖీ ఒకటి పెట్టి, మిగిలిన తనిఖీలన్నింటినీ దానిపై ఆధారపడేలా సర్వీస్ డిపెండెన్సీ రాయండి. ఏజెంట్ ఒక్కటి ఆగితే ఇరవై సందేశాలు రావడం వలన ఇరవై ఒకటవది, అసలైనది, చదవకుండానే పోతుంది.

ప్రశ్న వేసినవారు

కోలన్ పెట్టగానే ఫ్యాన్లన్నీ పచ్చబడ్డాయి. వాటిని ఊరికే నమ్మకుండా, హద్దును కాసేపు 7000 కోలన్‌గా మార్చి ఎర్రబడటం చూసి, తిరిగి 1500 దగ్గర పెట్టాను. గడువులను లోపలి నుండి బయటికి పెరిగేలా సవరించాక నాలుగు రోజులుగా ఐపీఎంఐ ఒక్కసారి కూడా తప్పుడు హెచ్చరిక ఇవ్వలేదు. చెక్ డిస్క్ మాట వినగానే వెళ్ళి చూశాను. మౌంట్ కాని డిస్క్ ఏదీ లేదు గానీ, రెండు సర్వర్లలో దారి పేరే తప్పుగా రాసి ఉంది. ఇన్నాళ్ళూ అవి రూట్ ఫైల్ సిస్టమ్‌నే రెండుసార్లు కొలుస్తున్నాయి.

ఒక్క సందేహం మిగిలింది. నెలలో మొదటి ఆదివారం డెబియన్ సర్వర్లలో ఎండీస్టాట్‌లో ‘చెక్’ అని ఒక శాతం లెక్క కొన్ని గంటల పాటు కనిపిస్తుంది. నా కొత్త స్క్రిప్ట్ దానిని ఎలా పరిగణించాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు

అది రెండు డిస్కులలోని డేటా ఒకేలా ఉందో లేదో పోల్చి చూసే నెలవారీ పరిశీలన. ఆ సమయంలో రెండు యూ అక్షరాలూ అలాగే ఉంటాయి కనుక ఓకే ఇచ్చి, శాతాన్ని సందేశంలో చూపిస్తే చాలు. అదే చోట ‘రికవరీ’ అని ఉంటే కొత్త డిస్క్ ఇంకా నిండుతోందని అర్థం. అడుగుగీత అప్పుడూ ఉంటుంది, జతకు ఇంకా రక్షణ లేదు కనుక అది పూర్తయ్యేవరకు వార్నింగ్‌గానైనా ఉంచండి, పచ్చగా మాత్రం చూపకండి. పరిశీలన ముగిశాక సిస్ డైరెక్టరీలో ఆ శ్రేణికి చెందిన, డిస్కుల మధ్య తేడాల లెక్క ఉండే ‘మిస్‌మ్యాచ్ కౌంట్’ ఫైల్‌ను కూడా ప్లగిన్ చేత చదివించండి. రెయిడ్ 1 మీద స్వాప్ (మెమరీకి తోడుగా వాడే డిస్క్ భాగం) ఉంటే అది సున్నా కాకపోవడం సహజమే. రెయిడ్ 5, 6 శ్రేణులలో మాత్రం సున్నా కాని అంకె కనిపిస్తే ఆ రోజే కెర్నల్ లాగ్‌నూ, డిస్కులనూ, మెమరీనీ పరీక్షకు పెట్టండి.